చేపల కుంటకు నీటి పరీక్షా కిట్టు ఎన్నుకొను విధము



మందమర్రి పరిసరములలో వరియు ప్రత్తియు పండించు రైతులు కొందరు పొలములోని కుంటలలోను, బోరు నీటితో నింపిన గుంటలలోను చేపలు పెంచుచున్నారు. 2015లో మిషన్ కాకతీయ క్రింద చెరువుల పూడిక తీయుట, 2016లో రాష్ట్ర ప్రభుత్వము చెరువులలో ఉచితముగా చేపపిల్లలను వదలు పథకము ప్రారంభించుట ఈ పనికి తోడ్పడినవి. చేపల వెంట మరియొక వస్తువు కూడ రైతు ఇంటికి వచ్చుచున్నది. అదియే నీటి పరీక్షా కిట్టు. చిన్న పెట్టెలో నాలుగైదు సీసాలు, ఒక గాజు గొట్టము, ఒక రంగుల కాగితము ఉండును. మేత అమ్ము దుకాణములలోను, గాజుతొట్టెల చేపలు అమ్ము దుకాణములలోను, ఫోను ద్వారా తెప్పించు సరకులలోను ఇవి అనేక రకములు దొరకుచున్నవి. పెట్టె మీద చేప బొమ్మ ఉన్నంత మాత్రమున అది మన కుంటకు పనికివచ్చునని తలచి డబ్బు వ్యర్థము చేసికొనుట కలదు. డబ్బు పోయిన ఫరవాలేదు. తప్పు అంకెను నమ్మి చేసిన పనికి ఒక్క రాత్రిలో చేపలు పోవుట అసలు నష్టము.

కావున కిట్టు కొనుటకు ముందు ఒక్క ప్రశ్న వేసికొనవలెను. ఈ కిట్టు చెప్పు అంకెను చూచి నేను ఏ పని చేయుదును, లేక ఏ పని మానుదును? దీనికి జవాబు లేని పరీక్ష ఎంత చౌకగా వచ్చినను మీకు అక్కరలేదు.

సున్నము వేయుదునా, మానుదునా?

మాట స్పష్టమగుటకు తరచుగా జరుగు ఒక సంగతి తీసికొందము. ఎండకాలములో నీరు తగ్గి, ఆకుపచ్చగా చిక్కబడినది. చేపలు మేత సరిగా తినుటలేదు. ఎవరో ఒకరు వచ్చి, 'రెండు బస్తాల సున్నము కొట్టుము, నీరు శుభ్రపడును' అని చెప్పుదురు. సున్నము మంచిదే. కాని ఆ నీటిలో అమ్మోనియా చేరియున్నయెడల, పొడి సున్నము వేయుట రోగికి విషము ఇచ్చినట్లగును. ఎందువలన?

చేపలు తిన్న మేతలోని మాంసకృత్తులు అరిగిన తరువాత వాని మొప్పల నుండి అమ్మోనియా వెలువడును. మిగిలిన మేత, పేడ, కోళ్ల ఎరువు క్రుళ్లుట వలనను పుట్టును. నీటిలో ఇది రెండు రూపములలో నుండును. ఒకటి అమ్మోనియము అయాను. దీని వలన చేపకు పెద్ద హాని లేదు. రెండవది విడి అమ్మోనియా. ఇది మొప్పలను కాల్చు విషము. ఈ రెండింటి పాలు నీటి పి.హెచ్. మీదను, వేడి మీదను ఆధారపడియుండును. 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడి గల నీటిలో, పి.హెచ్. 7 ఉన్నప్పుడు మొత్తము అమ్మోనియాలో విషరూపము నూటికి ఒక పాలు కూడ ఉండదు. పి.హెచ్. 8 వద్ద నూటికి సుమారు 7 పాళ్లు, 8.5 వద్ద 20 పాళ్లు, 9 వద్ద దాదాపు 45 పాళ్లు విషరూపములో నుండును.

ఇప్పుడు లెక్క చూడుడు. కిట్టు అమ్మోనియా లీటరుకు 1 మిల్లీగ్రాము అని చూపినది. పి.హెచ్. 7 ఉన్న కుంటలో విషము లీటరుకు 0.01 మిల్లీగ్రాము కన్న తక్కువ; చేపలకు భయము లేదు. అదే అంకె పి.హెచ్. 9 ఉన్న కుంటలో వచ్చినచో విషము 0.45 మిల్లీగ్రాము. చేపల పెంపకములో విషరూపము 0.05 దాటకుండ చూచుకొనవలెనని చెప్పుదురు. ఇచ్చట దానికి తొమ్మిది రెట్లు ఉన్నది. కిట్టు చూపిన రంగు మాత్రము రెండు చోట్లను ఒక్కటే. పొడి సున్నము పి.హెచ్.ను ఒక్కసారిగా పైకి ఎక్కించును గనుక, మొదటి కుంటను ఒక్క పూటలో రెండవ కుంటగా మార్చగలదు.

దీనినిబట్టి మొదటి నియమము తేలుచున్నది. అమ్మోనియా కిట్టును ఒంటరిగా కొనకూడదు. పి.హెచ్. కిట్టును జతగా కొని, రెండు పరీక్షలను ఒకే నీటితో ఒకే వేళ చేయవలెను. ఆ వేళ మధ్యాహ్నము మూడు గంటల ప్రాంతము. పగలంతయు ఆకుపచ్చని నాచు నీటిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుట వలన పి.హెచ్. ఆ వేళకు హెచ్చుస్థాయికి చేరును. ఉదయము చూచి 7.5 అని సంతోషించిన కుంటలో మధ్యాహ్నము 9 ఉండుట వింత కాదు.

ఏ పరీక్షలు కావలెను?

బొచ్చె, రవ్వ, మ్రిగాల పెంచు మంచినీటి కుంటకు నాలుగు పరీక్షలు చాలును: పి.హెచ్., అమ్మోనియా, క్షారత, నీటిలో కరిగిన ప్రాణవాయువు. నైట్రైటు పరీక్షను, చిన్న స్థలములో చాల చేపలను పెట్టి మేత ఎక్కువగా వేయువారు చేర్చుకొనవచ్చును. నైట్రైటు హెచ్చినచో చేప రక్తము గోధుమరంగుకు తిరిగి ప్రాణవాయువును మోయలేకపోవును. అట్టి సమయమున నీటిలో కొంత ఉప్పు కలుపుట మేలు చేయును. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల ద్వారా లోనికి పోనీయదు. నైట్రేటు, ఫాస్ఫేటు పరీక్షలు గాజుతొట్టెలవారికి ముఖ్యము. మట్టి కుంట రైతు వాని కొరకు డబ్బు పెట్టనక్కరలేదు.

క్షారత అనగా నీరు పి.హెచ్. మార్పును తట్టుకొను శక్తి. లీటరుకు 20 మిల్లీగ్రాములకన్న తక్కువ ఉన్న నీటిలో ఉదయమునకు, మధ్యాహ్నమునకు మధ్య పి.హెచ్. ఉయ్యాలవలె ఊగును. 50 నుండి 150 వరకు ఉన్నచో మేలు. తక్కువైనచో మెత్తగా పొడిచేసిన సున్నపురాయి వేయవలెను. ఇది నెమ్మదిగా కరగును, పొడి సున్నమువలె పి.హెచ్.ను ఎగయనీయదు. మన ప్రాంతములో ఈ పరీక్ష చేయకుండ ఊహించుట కష్టము. బొగ్గు పొరలున్న చోట నేల అడుగున ఇసుకరాయి. మంచిర్యాల వైపు కొన్నిచోట్ల సున్నపురాయి. కొద్ది మైళ్ల దూరములో ఉన్న రెండు బోర్ల నీరు ఒకదానికొకటి పోలికలేకుండ ఉండవచ్చును.

ప్రాణవాయువును తెల్లవారుజామున, సూర్యోదయమునకు ముందు చూడవలెను. రాత్రియంతయు చేపలతోపాటు నాచు కూడ దానిని వాడుకొనును గనుక ఆ వేళ మిక్కిలి తక్కువగా నుండును. 30 డిగ్రీల వేడిలో నీరు గాలి నుండి సహజముగా ఇముడ్చుకొనగల ప్రాణవాయువు లీటరుకు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. ఉదయము 5 ఉన్నచో నిశ్చింత. 3కు దిగినచో ఆ రోజు మేతయు ఎరువును ఆపి, మోటారు పెట్టి నీటిని పైనుండి జల్లుగా పడునట్లు చేయవలెను. 1 దగ్గరకు వచ్చినచో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచుచుండును. అప్పటికి కిట్టు తెరచు తీరిక ఉండదు. మధ్యాహ్నము 12 అని అంకె వచ్చుట ధైర్యము చెప్పు సంగతి కాదు. అది నాచు మితిమీరినదని తెలుపును, తెల్లవారుజామున పడిపోవు ప్రమాదమును సూచించును. మరియొక మాట. కుంటలో కొర్రమట్టలు హుషారుగా ఉన్నవి గనుక నీరు బాగున్నదని తలచకూడదు. కొర్రమట్ట పైకి వచ్చి గాలినే పీల్చుకొనగల చేప. రవ్వకు ఆ వసతి లేదు.

ప్రాణవాయువు కిట్టు కొనలేనివారు ఇంటివద్దనే ఒక పరికరము చేసికొనవచ్చును. 20 సెంటిమీటర్ల అడ్డుకొలత గల రేకు పళ్లెమును నాలుగు భాగములుగా గీచి, నలుపు తెలుపు రంగులు ఒకదాని తరువాత ఒకటి వేసి, మధ్యలో తాడు కట్టి, తాడుకు 10 సెంటిమీటర్లకు ఒక ముడి వేయవలెను. దీనిని నీటిలో దించుచు ఏ లోతున కంటికి కనబడకపోవునో చూడవలెను. 1865లో ఇటలీ దేశపు మతగురువు సెక్కి సముద్రములో ఇట్టి పళ్లెమును వాడెను. నేటికిని లోకమంతట వాడుచున్నారు. 30 నుండి 45 సెంటిమీటర్ల వరకు కనబడినచో నాచు తగుమాత్రముగా నున్నది. 20కి ముందే మాయమైనచో ఆ కుంటలో తెల్లవారుజామున ప్రాణవాయువు కరవగునని అనుమానింపవలెను. వాన తరువాత ఎఱ్ఱమట్టితో కలకబారిన నీటిలో మాత్రము ఈ లెక్క పనికిరాదు.

డబ్బు రెండు పరీక్షలకే ఉన్నదని ఎవరైన అడిగినచో, పి.హెచ్., అమ్మోనియా కిట్లు కొని, పళ్లెమును స్వయముగా చేసికొనుడని నేను చెప్పుదును. తెల్లవారుజామున కుంట గట్టున నిలిచి చేపలను చూచు కన్ను ప్రాణవాయువు సంగతి కొంతవరకు పట్టగలదు. అమ్మోనియాను ఏ కన్నును పట్టలేదు.

కొలత పరిధి చూచుట

కొనునప్పుడు అందరును పేరు చూతురు, ధర చూతురు; రంగుల కాగితముపై మొదటి అంకె, చివరి అంకె ఏవో చూచువారు తక్కువ. అసలు చూడవలసినది అదియే. మంచినీటి గాజుతొట్టెల కొరకు అమ్ము ఒక రకము పి.హెచ్. కిట్టు 6.0 నుండి 7.6 వరకే చూపును. దానిలోని రంగు ద్రవము 7.6 దాటిన తరువాత ఎంత హెచ్చినను అదే నీలిరంగులో నిలిచిపోవును. మన కుంటలో 9 ఉన్నను అది 7.6 అనియే చెప్పును. సముద్రపు చేపల తొట్టెల కొరకు చేసిన కిట్టు సాధారణముగా 7.4 నుండి 8.8 వరకు చూపును. సముద్రపు నీటి పి.హెచ్. 8.1 ప్రాంతమున నిలకడగా నుండును గనుక వారికి అది చాలును. మధ్యాహ్నపు కుంట దానిని కూడ దాటిపోవును. మనకు కనీసము 6 నుండి 10 వరకు చూపునది కావలెను. ఒకే ద్రవము అంత దూరము చూపజాలనిచో తక్కువ పరిధిది ఒకటి, హెచ్చు పరిధిది ఒకటి కలిసిన జత తీసికొనవలెను. రంగు చివరి గడిలో పడినప్పుడు దానిని కొలతగా వ్రాసికొనక, 'ఇంతకు పైన' అని వ్రాసికొనవలెను.

ఉప్పునీటి కిట్లు మన చేతికి వచ్చుటకు మరియొక దారి కలదు. భీమవరము, కైకలూరు ప్రాంతములలో చేపల, రొయ్యల చెరువులు విస్తారముగా నున్నందున, అచ్చటి రొయ్యల రైతుల కొరకు తయారైన కిట్లు ఇచ్చటికి కూడ వచ్చుచున్నవి. ఉప్పు ఉన్న నీటిలో రంగు ద్రవములు కొంత వేరుగా పలుకును. అందుచేత ఉప్పునీటికి గీచిన రంగుల కాగితము మంచినీటికి సరిపడదు. రెండింటికిని వేరు వేరు కాగితములు ఇచ్చిన కిట్టు ఉత్తమము. ఇంటిలో పిల్లల కోరికపై సముద్రపు చేపల తొట్టె పెట్టినవారు ఆ తొట్టె కిట్టుతో కుంటను చూడబోవుట కూడ ఇట్టిదే. దానిలోని కాల్షియము పరీక్ష లీటరుకు 400 మిల్లీగ్రాముల ప్రాంతమును తెలియుటకు ఏర్పడినది. మన కుంటలలో అందులో పదవ వంతు ఉన్నను ఆశ్చర్యము లేదు.

అమ్మోనియా కాగితములో 0, 0.25, 0.5, 1, 2 అని దగ్గర దగ్గర మెట్లున్నది మేలు. 0 తరువాత వెంటనే 1 అని దూకు కిట్టు మనకు కావలసిన చోటనే గ్రుడ్డిది. పరీక్షా విధములు రెండు. నెస్లరు విధములో పాదరసము ఉండును. నీరు పసుపురంగుకు తిరుగును. సాలిసిలేటు విధములో పాదరసము లేదు. నీరు ఆకుపచ్చగా మారును, కాని కొన్ని నిమిషములు ఓపికగా ఆగవలెను. ఇంటిలో పిల్లలు, పశువులు ఉన్న రైతుకు నేను రెండవదే సిఫారసు చేయుదును.

కాగితపు పట్టీలు, చుక్కల కిట్లు, మీటర్లు అను మూడింటిలో పట్టీలు తేలిక, కాని మెట్లు దూరము. తేమ తగిలినచో చెడును. పి.హెచ్. మీటరు అంకెను సూటిగా చూపును గనుక రైతులకు ఆశ కలుగును. కాని దానిని తరచుగా తెలిసిన ద్రావణములతో సరిదిద్దవలెను, కొన తడి ఆరిపోకుండ కాపాడవలెను. ఆ పని చేయని చేతిలో మీటరు దశాంశములతో సహా అబద్ధము చెప్పును. చుక్కల కిట్టు మధ్యస్థమైనది, నమ్మదగినది. ప్రాణవాయువుకు చుక్కల కిట్టు 1888లో వింక్లరు అను హంగేరీ శాస్త్రజ్ఞుడు కనిపెట్టిన విధానముపై నడచును. ఇందులో గాలిబుడగ లేకుండ సీసా నింపుట ప్రధానము. గంధకామ్లమునకు బదులు పొడి ఆమ్లము ఇచ్చు కిట్టు దొరికినచో చేతులకు క్షేమము.

అంకె వెనుక ప్రమాణము

ఒకే నీటికి రెండు కిట్లు వేరు అంకెలు చెప్పినప్పుడు రెండును సరియైనవే కావచ్చును. కొన్ని కిట్లు అమ్మోనియాను అమ్మోనియాగానే చెప్పును, కొన్ని అందలి నత్రజనిగా చెప్పును. నత్రజని అంకెను 1.2తో హెచ్చించినచో అమ్మోనియా అంకె వచ్చును. నైట్రైటుకు 3.3తో హెచ్చింపవలెను. క్షారతను జర్మను డిగ్రీలలో చెప్పు కిట్లు కలవు. ఒక డిగ్రీ అనగా లీటరుకు సుమారు 18 మిల్లీగ్రాములు. మూడు చుక్కలకు రంగు మారి మూడు డిగ్రీలు వచ్చినచో 54 అన్నమాట. నీటిని రెట్టింపు తీసికొన్నచో ఒక్కొక్క చుక్క అర డిగ్రీగా లెక్కకు వచ్చి కొలత సన్నబడును. పెట్టెలోని కాగితము మీద ఈ ప్రమాణము వ్రాసిలేని కిట్టును కొనకుండుటయే మంచిది.

కిట్టునే పరీక్షించుట

కొత్త కిట్టు కొన్నవెంటనే, తరువాత ప్రతి మూడు నాలుగు మాసములకు, దానిని తెలిసిన నీటితో సరిచూడవలెను. అమ్మోనియాకు రైతు దగ్గర ఉన్న ఎరువే చాలును. అమ్మోనియము సల్ఫేటులో నూటికి సుమారు 21 పాళ్లు నత్రజని కలదు. 10 గ్రాముల ఎరువును 10 లీటర్ల శుభ్రమైన నీటిలో కరిగించినచో లీటరుకు 210 మిల్లీగ్రాముల నత్రజని ఉండును. అందులో 5 మిల్లీలీటర్లను మందు సిరంజితో కొలిచి, బ్యాటరీలకు పోయు స్వేదనజలముతో కలిపి సరిగా ఒక లీటరు చేయవలెను. ఈ నీటిలో నత్రజని 1 మిల్లీగ్రాము, అమ్మోనియాగా సుమారు 1.25. కిట్టు దాని దగ్గరకు రాక 0.25 చూపినచో సీసాలోని మందు చచ్చిపోయినది. వట్టి స్వేదనజలములో రంగు సున్న వద్ద ఉండవలెను. యూరియాతో ఈ పని చేయరాదు. యూరియా నీటిలో వెంటనే అమ్మోనియా కాదు, కిట్టు దానిని చూడలేదు. పి.హెచ్.కు స్వేదనజలమును నమ్మవద్దు. గాలి తగిలిన కొద్దిసేపటికే దాని అంకె మారును. 7, 9.2 అంకెలు గల ద్రావణపు పొట్లములు శాస్త్ర పరికరముల దుకాణములలో దొరకును.

రంగును నీడలో, పగటి వెలుతురులో, గొట్టము వెనుక తెల్ల కాగితము పెట్టి చూడవలెను. ట్యూబులైటు క్రింద ఆకుపచ్చ రంగులు మోసగించును. ఇద్దరు వేరువేరుగా చూచి చెప్పుకొన్నచో ఇంకను మేలు. ఎఱుపు ఆకుపచ్చలను వేరు చేయలేని కన్నులు మగవారిలో కొందరికి పుట్టుకతోనే ఉండును, వారికి తెలియకపోవచ్చును.

నీటిని గట్టు అంచున నురుగు చేరిన చోట కాక, లోనికి దిగి మూరెడు లోతున ముంచవలెను. సీసాను అదే నీటితో మూడుసార్లు కడుగవలెను. పి.హెచ్., అమ్మోనియాలను గట్టు మీదనే చూడవలెను. సీసాను సైకిలుకు తగిలించి ఇంటికి చేర్చులోపలనే అంకె మారును.

బోరు నీరు, గని నీరు

బోరు నుండి అప్పుడే వచ్చిన నీటిలో ప్రాణవాయువు దాదాపు ఉండదు, బొగ్గుపులుసు వాయువు మాత్రము ఎక్కువ. అందువలన పి.హెచ్. తక్కువగా కనబడును. బక్కెటులో పట్టి, కలియబెట్టుచు ఒక రోజు ఉంచి మరల చూడవలెను. రెండవ అంకెయే కుంటకు వర్తించును. ఆ బక్కెటు అడుగున తుప్పురంగు మడ్డి దిగినచో నీటిలో ఇనుము ఉన్నది. అట్టి నీటిని కాలువలో పారించి, గాలి తగిలి మడ్డి దిగిన తరువాతనే చేపల కుంటకు చేర్చవలెను. లేనిచో ఆ మడ్డి మొప్పలలో పేరుకొనును.

సింగరేణి గనుల నుండి తోడిన నీరు కొన్ని గ్రామముల చెరువులకు, పొలములకు చేరుచున్నది. గంధకము కలిసిన ఇనుప రాయి హెచ్చుగా నున్న బొగ్గుగనులలో, లోకములో పలుచోట్ల, నీరు పులిసి పి.హెచ్. 4కు కూడ దిగుట కలదు. ప్రతి గనిలోను అట్లు జరుగదు. కావున ఆ నీరు మంచిదనిగాని చెడ్డదనిగాని వినికిడి మీద నిర్ణయింపక, నీరు కుంటకు చేరు తూమువద్ద పి.హెచ్., క్షారత మీరే చూడవలెను. క్రొత్తగా నీరు వచ్చిన ప్రతిసారి చూడవలెను. ఇంటి కుళాయి నీటితో చిన్న తొట్టెలను నింపువారికి క్లోరిను పరీక్ష అవసరము. చేపపిల్లలు క్లోరినుకు ఆగవు.

కిట్టు మందులు వేడికి చెడును. మన ఎండలకు మోటారు కొట్టు రేకుల క్రింద పెట్టిన కిట్టు ఒక వేసవి దాటదు. ఇంటిలో చల్లని చీకటి చోట, పిల్లలకు అందకుండ ఉంచి, సీసా మూత తీసిన తేదీని దాని మీదనే వ్రాయవలెను. గడువు దాటిన మందును పారవేసి, విడిగా సీసాలు దొరకు రకము కిట్టు కొన్నచో పెట్టె మొత్తము మార్చనక్కరలేదు. పరీక్ష చేసిన నీటిని కుంటలోగాని, బావి దగ్గరగాని పోయకూడదు. కిట్టు చూపిన అంకె పైన సందేహము కలిగినప్పుడు, నీటిని ముంచిన తేదీ, వేళ వ్రాసికొన్న పుస్తకముతో బెల్లంపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకుగాని, మంచిర్యాల మత్స్యశాఖ కార్యాలయమునకుగాని వెళ్లి అడుగవలెను. పుస్తకములో ఉదయపు అంకెయు, మధ్యాహ్నపు అంకెయు రెండును ఉన్నచో వారికి మీ కుంట సంగతి త్వరగా బోధపడును.